రేకుల మీద సున్నం

ఆ వేసవిలో మా కాలనీకి మధ్యాహ్నాలు కరెంటు తీయించింది మా అమ్మే.

ఊరికి కరెంటు చాలడం లేదు, ఎక్కడో ఒకచోట తీయక తప్పదు. అంతకుముందు ఏళ్ళలో ఆ కోత ఎప్పుడూ రైలుకట్ట కింది ఇళ్ళకే పడేది, ఎందుకంటే అక్కణ్ణించి ఆఫీసుకి ఫోను చేసి కేకలేసేవాళ్ళు లేరు. అమ్మ మున్సిపాలిటీలో ప్లానింగ్ ఇంజినీరు. ఎండల నుంచి ఊరిని కాచుకునే పథకం తయారుచేసే పని ఆ ఏడు ఆవిడ నెత్తిన పడింది. మా కాలనీలో చెట్లున్నాయి, మందపాటి గోడలున్నాయి, ఇంటి మీద ఇంకో అంతస్తుంది. కట్ట కింద రేకులు తప్ప ఏమీ లేవు. మిట్టమధ్యాహ్నం కరెంటు ఎవరికి ఉండాలని అమ్మ మీటింగులో అడిగిందట. ఎవరూ నోరు విప్పకపోయేసరికి, ఒప్పుకున్నట్టేనని రాసేసుకుంది.

కాలనీ గేటుకి నోటీసు అంటించిన రోజే నానమ్మ అమ్మతో మాట్లాడడం మానేసింది.

మా నానమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ మాటలు కలిపిన మనిషి. కోడలితో మాట మాత్రం నా మీదుగా పంపేది. నేను డిగ్రీ పరీక్షలు రాసేసి, ఫలితాల కోసం చూస్తూ ఇంట్లో పడి ఉన్నాను. అంతకంటే అనువైన తీగ ఆవిడకి దొరకలేదు.

"మీ అమ్మతో చెప్పవే, కుంపట్లో పెట్టిన వంకాయలా ఉన్నానని."

అమ్మ పక్కనే నిలబడి కూరలు తరుగుతూ ఉండేది.

"కిటికీకి తడిదుప్పటి కట్టమని చెప్పు నానమ్మకి."

"కట్టాను. దుప్పటి ఆరిపోయింది, నేనింకా ఆరలేదు. అది కూడా చెప్పు."

నాన్న రైలు గార్డు. డ్యూటీ దిగి వచ్చి ఈ సంభాషణ కాసేపు వినేవాడు, తరవాత తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయేవాడు. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మధ్యలో తలదూర్చిన జుట్టు తక్కువ మనిషి గతేమిటో ఆయనకి బాగా తెలుసు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాల నిశ్శబ్దమే ముందు గుర్తొస్తుంది. ఫ్యాను రెక్కలు మెల్లగా, ఇష్టం లేనట్టుగా తిరిగి తిరిగి ఆగిపోయేవి. ఫ్రిజ్ ఒకసారి ఒళ్ళు విదిలించుకుని ఊరుకునేది. ఆ వెంటనే వీధి చివరిదాకా ఒక్కొక్క ఇంట్లోంచీ నిట్టూర్పు వినిపించేది, ఆ నిట్టూర్పులన్నిట్లోనూ మా అమ్మ పేరు ఉండేది. నానమ్మా నేనూ చల్లటి గచ్చు మీద చాపైనా వేసుకోకుండా పడుకునేవాళ్ళం. ఆవిడ వీపు నిండా చెమటకాయలు. నేను విసనకర్రతో విసురుతుంటే "నీ చెయ్యి నొప్పి పుడుతుంది, ఆపవే" అనేది. ఆపగానే "అప్పుడే ఆపేశావా?" అనేది.

ఒకరోజు కాలనీ ప్రెసిడెంటు మా ఇంటికొచ్చారు. బ్యాంకు మేనేజరుగా చేసి దిగినాయన. మాట్లాడితే చెక్కు మీద సంతకం పెడుతున్నట్టుండేది.

"మీరు చేసింది న్యాయమే కావచ్చమ్మా. కాదనను. కానీ ఆ న్యాయమేదో మా ఇళ్ళతోనే మొదలవ్వాలా?"

"మీ ఇళ్ళతో కాదండీ, మా ఇంటితోనే మొదలైంది," అంది అమ్మ.

"ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. ఆవిడ మొహం చూసైనా..."

లోపల గచ్చు మీద పడుకుని ఉన్న నానమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇక అమ్మ పని అయిపోయిందనుకున్నాను.

"మా కోడల్ని అనడానికి నేనున్నానండీ. పొద్దస్తమానం అదే పనిలో ఉన్నాను. మళ్ళీ మీకెందుకు శ్రమ?" అంది నానమ్మ.

ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. అమ్మ నానమ్మ వైపు చూసింది. నానమ్మ నా వైపు చూసి, "మీ అమ్మతో చెప్పు, ఇది మెచ్చుకోలు కాదని," అంది.

ఆ మర్నాడే ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. చేతిసంచీలో గాజుసీసాతో నీళ్ళు, మందులు, ఒక తువ్వాలు సర్దుకుని, "నా కరెంటు ఎక్కడికి పోయిందో నేనూ అక్కడికే పోతాను. స్కూటరు తియ్యి," అంది.

కట్ట కింద సెలవులకి మూసేసిన బడిని అమ్మే తెరిపించింది. అది పాతకాలపు కట్టడం, మూరెడు మందం గోడలు. రెండు గదుల్లో కూలర్లు, చాపలు, నీళ్ళ కుండలు పెట్టించి, ఎండవేళ ఎవరైనా వచ్చి ఉండొచ్చని బయట రాయించింది. మేం వెళ్ళేసరికి లోపల ఆయా ఒక్కతే కునికిపాట్లు పడుతోంది. గుమ్మం దగ్గర ఒక కుక్క పడుకుని ఉంది. నానమ్మ కూలరుకి ఎదురుగా చాప పరుచుకుని, "రాణిభోగం" అంటూ కాళ్ళు చాపుకుంది.

ఆ భోగం రెండో రోజుకే మొహం మొత్తింది. ఆపరేటరుగా చేసిన మనిషికి మాటలు లేని గది జైలుతో సమానం. మూడో రోజు కుర్చీ తీసుకెళ్ళి గుమ్మంలో వేసుకుని, రోడ్డున పోయేవాళ్ళని పిలవడం మొదలుపెట్టింది.

ఎదురుగా రేకు పంచ కింద ఒకామె ఇస్త్రీ చేస్తూ ఉండేది. నిప్పుల పెట్టె ఒకవైపు, ఎండ ఒకవైపు. చెమట బట్టల మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకునేది.

"అమ్మాయ్, కాసేపు వచ్చి కూర్చోరాదా? ఇక్కడ చల్లగా ఉంది," అని కేకేసింది నానమ్మ.

"ఎలా వస్తానమ్మా? ఇప్పుడు కుళాయి వస్తుంది. పట్టుకోకపోతే మళ్ళీ రేపే."

"ఇంత ఎండలోనా?"

"నీళ్ళకి తెలుసా ఎండని?" అని నవ్వింది. "పైగా మా మామ ఇంట్లో ఉన్నాడు. ఒక కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆయన్ని వదిలేసి నేనిక్కడ చల్లగా కూర్చుంటే బాగుంటుందా?"

ఆ సాయంత్రం ఇంట్లో కబుర్లు అటూ ఇటూ మోశాను.

"మీ అమ్మతో చెప్పు, నీళ్ళు మిట్టమధ్యాహ్నం వదిలితే చల్లగదిలోకి ఎవరొస్తారని."

"పంపుల టైములు నా చేతిలో లేవని చెప్పు. అది వేరే సెక్షను."

"వేరే సెక్షను వాళ్ళకి నోళ్ళుండవా, అడిగితే చెప్పరా, అని అడుగు."

అమ్మ భోజనాల బల్ల మీద ఊరి పటం పరుచుకుని ఉంది. ఎక్కడెక్కడ చలువ పందిళ్ళు వెయ్యాలో, ఎక్కడ చెట్లు నాటాలో రంగు పెన్సిళ్ళతో గుర్తులు పెడుతోంది. పందిళ్ళన్నీ బజారు రోడ్డు మీదే వేయమని దుకాణాలవాళ్ళు ఆవిడ ప్రాణం తోడేస్తున్న రోజులవి. అప్పటికే ఆవిడ పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వస్తోంది. కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. ఆ విషయం నానమ్మ కూడా గమనించింది. నాతో ఏమీ పంపకుండా, అమ్మ కంచం పక్కన మజ్జిగ గ్లాసు పెట్టి లోపలికి పోయింది.

ఇస్త్రీ ఆవిడ రాలేకపోతే నానమ్మే వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. బడి పక్క సందులో ఒకే గది. లోపల మంచం మీద ముసలాయన. రైల్వేలో మూటలు మోసి మోసి భుజాలు ఇప్పటికీ తలుపు చెక్కల్లా ఉండేవి. తల మీద ఫ్యాను తిరుగుతుండేది. ఆ గదిలోకి అడుగుపెడితే ముందు మాట రాదు. రేకు మీంచి దిగే వేడి నెత్తి మీద చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుండేది.

"మీరు ఫోనాఫీసులో చేశారట కదా. నా జన్మలో ట్రంకాల్ చెయ్యలేదు. ఎలా అనేవాళ్ళో ఒకసారి అనండి," అని అడిగాడాయన.

నానమ్మ గొంతు సవరించుకుంది. "నంబర్ ప్లీజ్," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నిటారుగా, తేటగా, పాతికేళ్ళ పిల్ల గొంతులా ఉంది.

"స్వర్గానికి కలపండి. మా ఆవిడ ఉంటుంది."

"లైను బిజీగా ఉంది. మళ్ళీ ప్రయత్నించండి," అంది నానమ్మ.

ఆయన పడిపోని వైపు పెదవితో నవ్వాడు. ఇస్త్రీ ఆవిడ గుమ్మంలో బిందె దించి, "మామ నవ్వి ఎన్నాళ్ళయిందో," అంది. అప్పట్నించీ రోజూ అదే ఆట. ఒకరోజు స్వర్గం బిజీ, ఒకరోజు తీగ తెగింది, ఒకరోజు ఆవిడ నిద్రపోతోంది, లేపొద్దన్నారు. ఆ పది నిమిషాల కోసం నానమ్మ కూలరు వదిలి ఆ కొలిమిలోకి పోయేది. నేను వద్దంటే, "నోరు మూసుకో. పనుంది," అనేది.

ఎండలు ముదిరాయి. పక్షులు చెట్ల మీంచి రాలిపడ్డాయని పేపర్లో వేసిన వారం అది. ఆ రోజు బడి దగ్గరికి చేరేసరికి ఇస్త్రీ పెట్టె చల్లారి బల్ల మీద ఉంది. సందు మొగలో జనం. నానమ్మ నా చెయ్యి వదిలించుకుని లోపలికెళ్ళింది.

మేం ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆ రోజు త్వరగా వచ్చేసి ఉంది. బల్ల మీద పటం. మొహంలో చాలాకాలానికి కాస్త వెలుగు. కట్ట కింద నెల మొత్తం ఒక్క మధ్యాహ్నమైనా కరెంటు పోలేదని ఆఫీసులో పెద్దసారు మెచ్చుకున్నాడట. నాకు చెబుతోంది, నానమ్మకి వినబడేలా.

నానమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి అమ్మకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ఏ కబురు మొయ్యాలో అని నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఇస్త్రీ ఆవిడ మామగారు పోయారమ్మాయ్."

అమ్మ చేతిలో పెన్సిలు ఆగింది.

"ఫ్యాను తిరుగుతూనే ఉంది," అంది నానమ్మ. "దాని కింద నిలబడి చూశాను. ఇస్త్రీ పెట్టె మూత తీస్తే మొహాన కొడుతుందే, ఆ గాలి."

ఆ ఫ్యాను తిరగడం కోసమే కాలనీ మొత్తం అమ్మకి ఎదురు తిరిగింది, ఇంట్లో మాటలు పోయాయి. నానమ్మ ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది, నీ కరెంటు ఏం ఒరగబెట్టిందని ఇప్పుడు అనేస్తుంది, అని నేను చూస్తున్నాను. నానమ్మ అనలేదు. పటం మీద పడి ఉన్న పెన్సిళ్ళని ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది.

"రేకు," అంది అమ్మ చివరికి.

"రేకే."

అమ్మ లేచి పొయ్యి వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. అటు తిరిగే అడిగింది. "వాళ్ళింటి నుంచి బడికి ఎంత దూరం అత్తయ్యా?"

"దూరం లేదు. ఎత్తుకుని తెచ్చేవాళ్ళు లేరు."

టీ మరిగి పొంగింది. ఇద్దరిలో ఎవరూ చూడలేదు. నేనే వెళ్ళి దించాను.

ఆ తరవాతి వారాలు నాకు ఒకే పొడుగాటి పొద్దులా గుర్తున్నాయి. నానమ్మని వెంటబెట్టుకుని అమ్మ నీళ్ళ సెక్షనుకి వెళ్ళింది. అక్కడేం జరిగిందో ఇద్దరూ చెప్పలేదు కానీ, ఆ వారం నుంచి కట్ట కింద కుళాయిలు తెల్లవారుజామున రావడం మొదలైంది. బజారుకని తెచ్చిన పందిరి గుంజల్లో సగం, రేకుల ఇళ్ళ నుంచి బడిదాకా ఉన్న నీడలేని రోడ్డుకి వచ్చాయి. దుకాణాలవాళ్ళు కోపంతో ఒక రోజంతా షట్టర్లు దించేసి ఊరుకున్నారు. నాన్న మొదటిసారి ఇంటి విషయంలో తలదూర్చాడు. స్టేషనులో మూలపడ్డ సామాన్ల బండ్లు రెండు, పై అధికారిని బతిమాలి తెచ్చాడు. వాటి మీద పరుపులు వేశాం, నడవలేనివాళ్ళని తోసుకురావడానికి.

"మనుషుల్ని మూటల్లా తోసుకొస్తార్రా?" అంది నానమ్మ.

మొదటి బండి ఎక్కిన ముసలమ్మ పరుపు తట్టి చూసి, "టికెట్టు అడగరు కదా నాయనా?" అంది. పందిరి కిందుగా బండి పోతుంటే, మహారాణిలా అటూ ఇటూ చూసుకుంటూ కూర్చుంది.

సున్నం పని మాత్రం నా వంతు. రేకుల మీద తెల్లగా సున్నం కొడితే ఎండ వెనక్కి పోతుందని అమ్మ ఎప్పుడో చెప్పిందట, "అదెంత" అని ఫైలు పక్కన పెట్టేశారట. ఈసారి ఆవిడ ఫైలు కోసం ఆగలేదు. నేనూ, నాతో చదివిన పిల్లలు కొందరూ, గోడలకి వెల్ల వేసే మేస్త్రి ఒకాయనా దిగాం. సున్నంలో జిగురు కలిపి, పొద్దు పొడిచేలోపు నిచ్చెనలు ఎక్కేవాళ్ళం. ఎండ కాస్త పైకొస్తే రేకు మీద కాలు ఆనేది కాదు. చేతులు పగిలిపోయాయి, కనుబొమలు తెల్లబడ్డాయి. "పెళ్ళిచూపులకి ఇలాగే కూర్చోబెడదాం, పౌడరు ఖర్చు ఉండదు," అని నాన్న నవ్వేవాడు.

ఇస్త్రీ ఆవిడ ఇల్లు దగ్గరికి వచ్చినప్పుడు మేం తటపటాయించాం. సున్నం తక్కువగా ఉంది, పక్కింట్లో పసిబిడ్డ ఉంది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆయన లేడని మా ఇల్లు దాటేస్తారా? నేను మనిషిని కానా?"

ముందు ఆ ఇంటికే కొట్టాం. మధ్యాహ్నం నానమ్మ ఆ గదిలోకి వెళ్ళి, ఖాళీ మంచం పక్కన కాసేపు నిలబడింది. పైకి చూసి, "పరవాలేదు, నిలబడగలుగుతున్నాం," అంది. ఇస్త్రీ ఆవిడ ఏదో అనబోయి, ఆవిడ భుజం మీద తల ఆన్చి ఏడ్చింది.

ఒకరోజు బడి గుమ్మంలో కాలనీ ప్రెసిడెంటు కనిపించారు. పక్కన వాళ్ళావిడ. ఆవిడకి ఉబ్బసమనీ, కరెంటు పోతే ఊపిరాడక నరకం చూస్తోందనీ మాకప్పుడే తెలిసింది. ఆయన పరువుకి పోయి ఎవరికీ చెప్పలేదు. మేడలో ఉన్నంత మాత్రాన అందరికీ ఎండ ఒకేలా ఉండదని అమ్మ పటంలో ఎక్కడా లేదు. ఆ సాయంత్రం నుంచి అమ్మ ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో అడగడం మొదలుపెట్టింది, మా కాలనీతో సహా. నానమ్మ మాత్రం అప్పటికప్పుడే జరిగి వాళ్ళావిడకి తన చాప మీద చోటిచ్చింది.

"రండి, కూర్చోండి. ఇక్కడ కరెంటు పోదు. మా కోడలు చూసుకుంటుంది."

ఆ తరవాత కట్ట కింద ఎవరూ పోలేదని చెబితే అబద్ధమవుతుంది. పోయారు. నానమ్మ ప్రతి ఇంటికీ వెళ్ళింది, వచ్చి అమ్మకి చెప్పింది, అమ్మ విన్నది. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆ ఇద్దరి మాటలే. నీళ్ళు, పందిళ్ళు, బండి చక్రానికి నూనె, ఆయా జీతం. మధ్యలో నేను కూర గిన్నె అడిగితే ఎవరూ అందించేవారు కాదు. నా ఫలితాలు వచ్చిన రోజు "పాసయ్యాను" అంటే, "మంచిది, ఆ జిగురు డబ్బా ఎక్కడ పెట్టావు?" అంది అమ్మ.

వాన ఒక మధ్యాహ్నం పూట, చెప్పాపెట్టకుండా వచ్చింది. ముందు గాలి లేచి పందిరి గుడ్డలు టపటప కొట్టుకున్నాయి, తరవాత మట్టి వాసన, ఆ తరవాత చినుకులు. బడిలో ఉన్నవాళ్ళందరూ చాపలు వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తారు. పిల్లలు బురదలో దొర్లుతున్నారు. ఇస్త్రీ ఆవిడ నుదుటి గుడ్డ విప్పేసి ఆకాశంకేసి మొహం పెట్టి నిలబడిపోయింది. అమ్మ ఆఫీసు నుంచి గొడుగేసుకుని అప్పుడే వచ్చింది. నానమ్మ, అమ్మ ఇద్దరూ బడి అరుగు మీద నిలబడి ఉన్నారు. ఊరంతా వానని చూస్తోంది, వాళ్ళిద్దరూ మాత్రం ఇళ్ళ కప్పులకేసి చూస్తున్నారు. రేకుల గాడుల్లోంచి నీళ్ళు పాలలా కారి కాలవలో కలుస్తున్నాయి.

"పోతోంది చూడు. పిల్లలు అంత కష్టపడి వేశారు," అంది నానమ్మ.

"జిగురు తక్కువైంది అత్తయ్యా. వచ్చే ఏడు ఎక్కువ కలిపిద్దాం. చలికాలంలోనే మొదలుపెట్టేద్దాం."

"చలికాలంలోనా? దుప్పట్లో దూరాక ఎండ ఎవరికి గుర్తుంటుందే?"

"మీకుంటుందిగా."

ఇస్త్రీ ఆవిడ రోడ్డు మధ్య నుంచి, "అక్కడేం చూస్తున్నారమ్మా, వాన ఇక్కడుంది, రండి" అని చేతులూపింది. నానమ్మ కళ్ళజోడు తీసి అమ్మ చేతిలో పెట్టింది. చెప్పులు విడిచింది. ఒక చేత్తో అమ్మ భుజం పట్టుకుని, మెట్టు దిగడానికి కాలు చాపింది.

"జారుతుంది అత్తయ్యా," అంది అమ్మ.

"నువ్వు పట్టుకో మరి," అంది నానమ్మ.